చవకగా దొరికే మంచి కత్తుల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు?

పొలంగట్టు
కత్తుల మీద చర్చ మొదలైతే చాలు, పదిహేను వేలు పెట్టి కొన్న కత్తి ఫోటో ఒకటి వచ్చి పడుతుంది. బ్లేడు మీద అలలు అలలుగా గీతలు, మెరిసే పిడి, కింద వంద లైకులు. దీంతో ఏం కోశారని అడిగితే జవాబు రాదు. తక్కువ ధరకు దొరుకుతూ రోజూ గొడ్డు చాకిరీ చేసే కత్తుల గురించి మాత్రం ఎవరూ రాయరు. నాకిది అన్యాయం అనిపిస్తుంది.

నేనడిగేది ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తుల సంగతి. మడత కత్తులు వద్దు. తోటలో మడత కత్తి వాడితే కీలులో మట్టి చేరుతుంది, అరటి జిగురు పట్టేసి తెరుచుకోదు. బ్లేడు కదలకుండా పిడిలో బిగిసి ఉన్నదైతే కొళాయి కింద కడిగి, తుడిచి, ఒరలో దోపుకుంటే పని అయిపోతుంది.

నా ఓటు స్వీడన్ వాళ్ళ మోరా కంపానియన్‌కి. డ్రిప్ పైపులు, ఎరువు బస్తాల కుట్లు, కొబ్బరి తాళ్ళు, అరటి ఆకులు, మధ్యలో ఆకలేస్తే జామకాయ, అన్నీ దాంతోనే. బ్లేడు 104 మిల్లీమీటర్లు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. పిడి ప్లాస్టిక్, ఒర ప్లాస్టిక్. అది చూసే చాలామంది బొమ్మ కత్తి అనుకుని పక్కన పెడతారు. అమెరికాలో 20 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన దగ్గరికి వచ్చేసరికి దిగుమతి ఖర్చులు కలిసి పెరుగుతుంది కానీ, పనితో పోలిస్తే ఇప్పటికీ చవకే.

మీరు వాడేవి చెప్పండి. బీరువాలో పెట్టుకునేవి కాదు.

కొండదారి
మోరాకి నాదీ ఒక ఓటు. ట్రెక్కింగ్‌లో టెంటు తాడు కోయడానికి, ఉల్లిపాయ తరగడానికి, తడిసిన పుల్ల పైపొర గీకి లోపలి పొడి చెక్క తీయడానికి ఇది చాలు. బరువు ఒరతో కలిపి నూటపాతిక గ్రాములు కూడా లేదు.

ఒక్కటే అసంతృప్తి. ఫుల్ టాంగ్ కాదు. ఇనుము పిడి చివరిదాకా వెళ్ళదు. కట్టె మీద పెట్టి వెనక నుంచి మొద్దుతో కొడితే ఏదో ఒక రోజు విరుగుతుందేమోనని టెన్షన్.

ఇనుప_మాస్టారు
కొండదారి గారూ, కట్టెలు చీల్చడానికి గొడ్డలి ఉంది, కత్తిని ఎందుకు బాదాలి? నాలుగంగుళాల బ్లేడు పని కోయడం. కోయడంలో పిడి మీద పడే బలానికి ఆ టాంగ్ సరిపోతుంది. అయినా ఆ భయం పోవాలంటే అదే కంపెనీ గార్‌బెర్గ్ అని ఫుల్ టాంగ్ చేస్తోంది, కానీ దాని ధర ఈ చర్చలో పట్టదు. కంపానియన్‌లోనే హెవీ డ్యూటీ అని 3.2 మిల్లీమీటర్ల మందంది ఉంది. మందం పెరిగేకొద్దీ కూరగాయలు కోసేటప్పుడు తెగడం మాని చీలుతాయి, అది గుర్తుంచుకోవాలి. క్యారెట్ టప్పున విరిగినట్టు రెండవుతుంది.

ఉక్కు సంగతి కూడా చెబుతాను. స్టెయిన్‌లెస్ మోరాల్లో ఎక్కువగా వాడేది 12సీ27 అనే స్వీడిష్ ఉక్కు. కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. ఖరీదైన రకం కాదు. కానీ సరిగ్గా కాల్చి చల్లారిస్తే సన్నటి అంచు నిలబెట్టుకుంటుంది. ఉక్కు పేరు చూసి డబ్బు పోసేవాళ్ళు హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేశారో అడగరు. అసలు కత్తి అంతా అక్కడే ఉంది.

డాలస్_వంటిల్లు
వంటింటి కత్తులు లెక్కలోకి వస్తాయా? వస్తాయంటే థాయ్‌లాండ్ వాళ్ళ కివీ కత్తులు. ఇక్కడ ఏషియన్ స్టోర్లో పది డాలర్ల లోపే దొరుకుతాయి. బ్లేడు ఎంత పల్చనంటే వేలితో నొక్కితే వంగుతుంది. కొత్తిమీర, బెండకాయలు, క్యాబేజీ సన్నగా తరగాలంటే మా ఇంట్లో ఉన్న జర్మన్ సెట్ పక్కకు పోయి ఇదే బయటికి వస్తుంది. పెళ్ళికి కానుకగా వచ్చిన ఆ సెట్ చెక్క దిమ్మలో అలాగే ఉంది.

సానరాయి
కివీ బాగానే కోస్తుంది, కానీ అంచు తొందరగా పోతుంది. ఉక్కు మెత్తన. ఎక్కువ వంట చేసే ఇంట్లో వారం తిరక్కుండా మళ్ళీ నూరాలి. గుమ్మడికాయ జోలికి మాత్రం తీసుకెళ్ళకండి, అంచు వంకర్లు పోతుంది.

డాలస్_వంటిల్లు
@సానరాయి నిజమే, కానీ నూరడానికి ఎంతసేపు? కాఫీ కప్పు తిరగేసి అడుగున గరుకు అంచు మీద అటు నాలుగు, ఇటు నాలుగు తిప్పితే మళ్ళీ టమాటా తొక్క తెగుతుంది. గట్టి ఉక్కు మొద్దుబారితే మా ఆయన యూట్యూబ్ ముందు కూర్చోవాలి. గుమ్మడికాయకు నా దగ్గర వేరే కత్తి ఉందిలెండి.

కొలిమి_వారసుడు
స్వీడన్ అయింది, థాయ్‌లాండ్ అయింది. మన ఊరి కమ్మరి చేసిన కత్తి ఎవరికీ గుర్తు రాలేదా?

మా తాత, నాన్న ఇద్దరూ కొలిమి పని చేశారు. ఏరువాక ముందు ఊళ్ళో నాగటి కర్రులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు అన్నీ మా కొలిమికే వచ్చేవి. తాత కాలంలో డబ్బులు కాదు, పంట ఇంటికి వచ్చాక మేరగా ధాన్యం కొలిచేవారు. నాన్న కాలానికి లారీ కమాన్ పట్టీలు వచ్చాయి. పాత ఇనుప సామాన్ల కొట్టులో కిలోల లెక్కన కొని తెచ్చేవాడు. పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి దాగలి మీద పెడితే, సమ్మెట దెబ్బకు సాగేది. కొట్టడం చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ నాన్న శ్రద్ధంతా ఆ తర్వాతే. సాయంత్రం వెలుతురు తగ్గాకే నీళ్ళలో ముంచేవాడు. పగటి ఎండలో ఎరుపు ఎంతుందో కంటికి తెలియదని. ముంచి తీశాక రాయితో ఒక పక్క రుద్ది తెల్లగా చేసి, మళ్ళీ నిప్పు దగ్గర పెట్టి చూస్తూ ఉండేవాడు. ఆ తెల్లటి చోట గడ్డిరంగు పాకుతుంది, ఇంకొంచెం ఆగితే గోధుమ రంగు, ఆ తర్వాత నీలం. కొడవలికి ఒక రంగు దగ్గర, గొడ్డలికి ఒక రంగు దగ్గర ఆపేవాడు. క్షణం ఆలస్యమైతే అంచు మెత్తబడిపోతుంది.

అలా చేసిన కత్తి సంతలో రెండు మూడు వందలకు ఇస్తే "ఇంత రేటా" అని బేరమాడతారు. అదే మనుషులు ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ డబ్బాలో వచ్చిన దానికి మారు మాట్లాడకుండా మూడు వేలు కడతారు. ఈ చర్చ పేరు చూసి నాకు మొదట గుర్తొచ్చింది అదే.

పొలంగట్టు
@కొలిమి_వారసుడు మీరు చెప్పింది మనసుకు పట్టింది. నా ఇబ్బంది కూడా వినండి. సంతలో పది కత్తులు ఒకే రకంగా కనిపిస్తాయి. రెండు మంచివి ఉంటాయి, మిగతావి వెదురు నరికితే అంచు మడత పడిపోతాయి. కమాన్ పట్టీతో చేసిందా, మామూలు ఇనుప పట్టీతో చేసిందా కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

ఇనుప_మాస్టారు
చిన్న ఆకురాయి (ఫైల్) ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. అమ్మేవాళ్ళను అడిగి అంచు మీద ఒక మూల గీకి చూడండి. బాగా గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది, గాజు మీద గీకినట్టు శబ్దం వస్తుంది. మెత్తటి ఇనుము అయితే కొరికి పట్టుకుని పొడి రాలుతుంది. చేతి కత్తికి పూర్తిగా జారకపోయినా, కష్టపడి కొరికితే చాలు. ఇంకోటి, గీకాల్సింది వెన్ను మీద కాదు, అంచు దగ్గర.

గ్రైండర్ ఉన్న చోటైతే నిప్పురవ్వలు చూడండి. మామూలు ఇనుము రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చివర్లో పగిలి చిటపటలాడుతూ కొమ్మలు వేస్తాయి. కమాన్ ఉక్కులో కార్బన్ 0.6 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మామూలు ఇనుప పట్టీలో 0.2 లేదా అంతకన్నా తక్కువ, దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు.

కొలిమి_వారసుడు
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. కమాన్ ఉక్కును చన్నీళ్ళలో ముంచితే ఒక్కోసారి సన్నటి పగులు వస్తుంది, కంటికి కనపడదు. ఇప్పుడు తెలిసినవాళ్ళు నూనెలో ముంచుతున్నారు. కత్తి పట్టుకుని వేలిగోటితో బ్లేడు మీద కొట్టండి. ఖంగున మోగాలి. బొంగురుగా, పగిలిన గంటలా మోగితే తీసుకోవద్దు.

ఈతచెట్టు_నీడ
గీత కత్తి గురించి ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నా, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తా. మాది నల్లగొండ వైపు, గీత పని చేసిన కుటుంబం.

చెట్టెక్కే మోకు, నడుముకు కట్టుకునే ముస్తాదు, అందులో కల్లు గీసే గీత కత్తి. ఇవి లేకుండా నాన్న ఇంట్లోంచి కదిలేవాడు కాదు. తాటిచెట్టు మీద గెల కొన రోజూ కాగితమంత పల్చగా చెక్కాలి. కత్తి మొద్దుగా ఉంటే గెల తెగదు, నలుగుతుంది. నలిగితే కల్లు దిగదు, ఆ రోజు లొట్టి ఖాళీ. అందుకని కత్తి పదును మా ఇంట్లో కూటి లెక్క. పొద్దున్నే వాకిట్లో కూర్చుని చెక్క మీద పలుగురాయి మెత్తటి పొడి చల్లి, కత్తిని బోర్లా పెట్టి నూరేవాడు. చేతి వెంట్రుకలు గీసి చూసుకున్నాకే ముస్తాదులో పెట్టేవాడు. చిన్నప్పుడు దాన్ని ముట్టుకున్నందుకు నాకు పడ్డ దెబ్బలు ఇప్పటికీ గుర్తే.

ఆ కత్తి చేసింది పక్క ఊరి కమ్మరి. దాని మీద బ్రాండు లేదు, ఫోటో తీసినవాళ్ళు లేరు. అంత సన్నటి పదును పట్టే కత్తి నేను ఏ షాపులోనూ చూడలేదు.

చెక్కబొమ్మ
@ఈతచెట్టు_నీడ మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీ నాన్నగారి నూరే చెక్క ఇంకా ఉంటే ఫోటో పెట్టండి, దయచేసి.

నా వైపు నుంచి మోరా 120. బొమ్మలు చెక్కడానికి. బ్లేడు ఆరు సెంటీమీటర్లు, మధ్యలో గట్టి కార్బన్ ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఇనుము అతికిన పొరలు. పిడి నున్నటి బిర్చ్ చెక్క. నేను తెల్ల పొణికి మీద నేర్చుకున్నాను, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే చెక్క అదే. పొణికి మెత్తనిది కదా ఏ కత్తైనా తెగుతుందనుకుంటారు, తిరకాసు అక్కడే ఉంది. మెత్తటి చెక్కను మొద్దు కత్తి నొక్కేస్తుంది, పోగులు లేస్తాయి, ఆ తర్వాత రంగు సరిగా కూర్చోదు. పదునున్న కత్తి తీసిన చోట చెక్క మెరుస్తుంది. గరుకు కాగితం కూడా పెద్దగా అక్కర్లేదు.

కొనేవాళ్ళకు ఒక జాగ్రత్త. మోరా 120తో కొన్ని చోట్ల ఒర రాదు, విడిగా కొనాలి. నేను తోలు ముక్క మడిచి కుట్టుకున్నాను.

ఉప్పాడ_గాలి
కార్బన్ ఉక్కు అని అందరూ మెచ్చుకుంటున్నారు, సముద్రం ఒడ్డున ఉండి చూడండి. రాత్రి తుడిచి పెట్టిన కత్తి పొద్దున్నకి ఎర్రగా ఉంటుంది. మా వైపు స్టెయిన్‌లెస్సే గతి.

చేపలకు నేను వాడేది రపాలా ఫిల్లెట్ కత్తి. ఫిన్లాండ్ వాళ్ళ మార్టీని కంపెనీ తయారీ. వాళ్ళు 1928 నుంచి రోవానియెమిలో కత్తులు చేస్తున్నారు. సన్నగా పొడుగ్గా వంగే బ్లేడు. పండుగప్పను తోక దగ్గర పట్టుకుని వెన్నుముల్లు మీద ఆనించి తోస్తే బ్లేడే ముల్లు వంపును వెతుక్కుంటూ పోతుంది, మాంసం ముల్లుకు మిగలదు. మా రేవులో ఆడవాళ్ళు మాత్రం కత్తిపీట ముందు కూర్చుని నా కన్నా ముందే గంప ఖాళీ చేస్తారు. ముళ్ళు లేని ముక్క కావాలన్నప్పుడే నా కత్తికి పని.

సానరాయి
@ఉప్పాడ_గాలి కార్బన్ కత్తి వాడాలని మనసుంటే ఒక దారి ఉంది. కొత్త బ్లేడును కొన్నాళ్ళు ఉల్లిపాయలు, నిమ్మకాయలు, మామిడికాయలు కోయడానికి వాడి, ప్రతిసారీ కడిగి తుడవండి. బూడిద, నీలం కలిసిన పొర ఒకటి ఏర్పడుతుంది. అది తుప్పు కాదు, ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది. పైన ఒక చుక్క కొబ్బరినూనె రాయండి. తోలు ఒరలో మాత్రం దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది.

ఉప్పాడ_గాలి
ఉప్పుగాలికి మీ కొబ్బరినూనె ఒక్క రాత్రి ఆగితే గొప్ప. అయినా ప్రయత్నిస్తా.

అమ్మమ్మ_వంటలు
మగవాళ్ళంతా అడవులు, సముద్రాలు తిరుగుతున్నారు. కత్తిపీట పేరు దాటుకుంటూ పోయారు, దాని గురించి ఒక్కరూ నాలుగు మాటలు రాయలేదు. ఈ చర్చలో అడిగిన లక్షణాలన్నీ దానికే ఉన్నాయి. బ్లేడు కదలదు, ధర తక్కువ, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పనసకాయ, కంద, అరటిపువ్వు చేత్తో పట్టుకునే కత్తితో కోసి చూడండి, తెలుస్తుంది. ఎండాకాలం రైతుబజారులో ఆవకాయ ముక్కలు కొట్టేవాళ్ళ కత్తి చూశారా? టెంకతో సహా ఒక్క దెబ్బకు రెండు చెక్కలవ్వాలి, ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉండాలి. లేకపోతే ఊరాక ముక్క మెత్తబడుతుంది. ఆ మనిషి రోజంతా కొడుతూనే ఉంటాడు, కత్తి ఆగదు.

చేతి కత్తుల్లో నాకు నచ్చింది స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ళ రంపపు పళ్ళ టమాటా కత్తి. 11 సెంటీమీటర్ల బ్లేడు, గుండ్రటి మొన. ప్లాస్టిక్ పిడి, కొన్ని వందల రూపాయలే. పండిన టమాటా, నిమ్మకాయ, బ్రెడ్డు. మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి మనవరాలి చేతికి మొదట ఇచ్చింది అదే. మోకాళ్ళ నొప్పులొచ్చి కింద కూర్చోలేకపోతున్నప్పటి నుంచీ నా కత్తిపీట పని సగం అదే చేస్తోంది.

కొండదారి
@అమ్మమ్మ_వంటలు అమ్మా, ఒప్పుకున్నాం. కత్తిపీట మోసుకుని కొండ ఎక్కమంటే మాత్రం మా వల్ల కాదు.

అమ్మమ్మ_వంటలు
కొండ మీద పనసకాయ దొరికితే అప్పుడు నన్ను తలుచుకుంటావు నాయనా.

లీడ్స్‌లో_సీమోడు
ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ సరైన కారణం లేకుండా ఫిక్స్‌డ్ బ్లేడ్ జేబులోనో కారులోనో పెట్టుకుని తిరిగితే నేరం. మూడంగుళాలు దాటని, లాక్ పడని మడత కత్తికే మినహాయింపు. క్యాంపింగుకు వెళ్తూ బ్యాగు అడుగున పెట్టుకోవడం వేరు, తిరిగొచ్చాక అలాగే కారులో వదిలేసి ఊళ్ళో తిరగడం వేరు. మన పిల్లలు చాలామందికి ఇది తెలియదు. నేను మోరాను ఇంటి తోటకే ఉంచాను.

కొత్త_పిడి
మరి మన దగ్గర ఎలా? మోరా ఆర్డర్ చేద్దామని ఉంది, పోలీసులతో ఏమైనా గొడవా?

కొండదారి
@కొత్త_పిడి 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు గొడవ 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్నవాటికి. అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు రాసి ఉంది. నాలుగంగుళాల మోరా ఆ లెక్కలోకి రాదు. అలాగని నడుముకు కట్టుకుని బస్టాండులో తిరగమని కాదు. బ్యాగులో, ఒరలో ఉంచండి. విమానంలో అయితే చెకిన్ బ్యాగులోనే. రిజర్వ్ ఫారెస్టుల్లో నిబంధనలు వేరు, అక్కడి చెక్‌పోస్టులో ముందే చెప్పండి.

కోనసముద్రం_గాలి
ఉక్కు గురించి ఇంత మాట్లాడుతూ మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఊసెత్తలేదేం? మూసల్లో కరిగించి తీసిన అక్కడి ఉక్కు ముద్దలు కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. బ్లేడు మీద అలల గీతలకు పేరుపడ్డ డమాస్కస్ కత్తులకు అలాంటి దక్కన్ ఉక్కే మూలం.

ఇనుప_మాస్టారు
మంచి సంగతి గుర్తుచేశారు. ఆ ఉక్కు మీద కనిపించే గీతలు లోపలి కార్బైడ్ కణాలు (ఇనుము, కార్బన్ కలిసినవి) వరుసలు కట్టడం వల్ల వచ్చేవి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, యాసిడ్‌తో గీతలు తేల్చినది. బాగా చేస్తే కత్తి మంచిదే. చవక రకాల్లో లోపల ఏ ఇనుము ఉందో చెప్పేవాడు ఉండడు, హీట్ ట్రీట్‌మెంట్ సంగతి అసలే తెలియదు. గీతలు చూసి కొనొద్దు.

కొత్త_పిడి
సరే, మోరానే తీసుకుంటా. నూరడం రాదు. మిషన్ కొనాలా?

సానరాయి
మిషన్ జోలికి పోవద్దు. హార్డ్‌వేర్ షాపులో రెండు వైపులా వాడే కార్బొరండం రాయి కొనండి, ఒక వైపు గరుకు, ఒక వైపు నున్న. మోరా నేర్చుకునేవాళ్ళకు ఎందుకు మంచిదంటే దాని అంచు పక్కన వెడల్పాటి ఏటవాలు చదును ఒకటే ఉంటుంది. కోణం ఊహించుకోనక్కర్లేదు. ఆ చదును రాయికి పూర్తిగా ఆనే దాకా కత్తిని వాల్చండి. ఆనిందంటే చేతికి తెలుస్తుంది, కత్తి అటూ ఇటూ ఊగదు. రాయి తడిపి, అదే వాలుతో తోయండి. కాసేపయ్యాక రెండో వైపు నుంచి అంచుకు అడ్డంగా, బయటికి బొటనవేలు జార్చి చూడండి. అంచు వెంబడి కాదు, తెగుతుంది. సన్నటి గరుకు తగలాలి. మొదలు నుంచి మొన దాకా ఆ గరుకు వచ్చే వరకు వైపు మార్చకండి. కొత్తవాళ్ళంతా తొందరపడి తిప్పేది ఇక్కడే. రెండు వైపులా అయ్యాక నున్న వైపు తేలిగ్గా, ఆఖరున పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి.

ఈతచెట్టు_నీడ
@చెక్కబొమ్మ నూరే చెక్క దొరికింది, అమ్మ అటక మీద దాచింది. మధ్యలో బాగా గుంట పడింది. ఆదివారం ఊరు వెళ్తున్నా, ఫోటో తీసి పెడతా.

@కొలిమి_వారసుడు మీ వైపు ఇంకా కొలిమి నడుస్తోందా? గీత కత్తి లాంటిదే కొంచెం చిన్న సైజులో తోట పనికి చేయించుకోవాలని ఉంది.

కొలిమి_వారసుడు
నాన్న మానేశాడు. మా బాబాయి చేస్తున్నాడు, కానీ బొగ్గు ఖర్చు పెరిగి వారానికి రెండు రోజులే కొలిమి రాజేస్తున్నాడు. ఒక్క కత్తికి కష్టం, అయిదారు ఆర్డర్లు కలిస్తే ఒకే రోజు చేసేస్తాడు. కావలసినవాళ్ళు కాగితం మీద కత్తిని అసలు సైజులో గీసి, ఏ పనికో రాసి మెసేజ్ పెట్టండి. వెదురు నరకడానికో, చెక్క చెక్కడానికో తెలిస్తే రంగు ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుస్తుంది.

పొలంగట్టు
నాకొకటి. అరటి గెలలు కోయడానికి, ఏడంగుళాల బ్లేడు. పిడి ఏ చెక్కతో వేస్తారు?

కొలిమి_వారసుడు
నల్లతుమ్మ. పిడి మొదలు చుట్టూ ఇనుప పొన్ను వేస్తారు, ఎండకు చీలదు. ఎడమచేతి వాటమైతే ఇప్పుడే చెప్పండి, అంచు ఒక పక్కే వాలుగా తీస్తారు.